ఎండలో పెట్టినా ఒరుగులకు బూజెందుకు పట్టింది?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక రెండేళ్లుగా విశాఖ మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. మా అమ్మ ఏటా వేసవిలో మేడ మీద మామిడి, టమాటా, గోరుచిక్కుడు ఒరుగులు పెట్టి ఏడాదంతా వాడుతుంది. ఏనాడూ ఒక్క ముక్క పాడవలేదు. ఈ మే నెలలో నేనూ రెండు కిలోల మామిడి ముక్కలు, అమ్మ చేసినట్టే ఉప్పు వేయకుండా, బాల్కనీలో ప్లాస్టిక్ పట్టా మీద నాలుగు రోజులు ఎండబెట్టాను. అరకిలో అయ్యాయి. గలగలలాడుతున్నాయి కదా అని ఎండలోంచి తీసి వేడి మీదే స్టీలు డబ్బాకు ఎత్తాను. ఇరవై రోజులకు చూస్తే అడుగున తెల్లగా, అక్కడక్కడ పచ్చగా బూజు. కరివేపాకు ఎండబెడితే గోధుమరంగుకు తిరిగి గడ్డి వాసన వచ్చింది. మా అత్తగారు ‘నీ చెయ్యి నిలవ సరుకుకు అచ్చిరాదులే’ అన్నారు. ఈ ఊళ్లో ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. బూజు పట్టినవాటిని కడిగి, మళ్లీ ఎండబెట్టి వేయించుకుంటే పర్వాలేదా? మావారు ఎండబెట్టే మిషన్ కొందామంటున్నారు. కొనమంటారా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ డబ్బా సంగతి తేల్చేద్దాం. మొత్తం పారేయండి. పైన బాగున్న ముక్కలు ఏరుకోవద్దు. బూజు మన కంటికి కనిపించేసరికే దాని పోగులు ముక్క లోపలికి పాకి ఉంటాయి. పచ్చగా కనిపించే బూజుల్లో కొన్ని విషం తయారుచేస్తాయి. వేరుశనగకు పట్టే అఫ్లాటాక్సిన్ గురించి అనంతపురం బిడ్డ మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ విషం కడిగితే పోదు, ఎండకు పోదు, నూనెలో వేయించినా పూర్తిగా పోదు. రెండు కిలోల మామిడికాయలు, నాలుగు రోజుల చాకిరీ. ఉసూరుమంటుందని తెలుసు. అయినా పారేయండి. డబ్బాను వేడినీళ్లతో, సబ్బుతో తోమి ఒక పూట ఎండలో బోర్లించండి.

ఇక రెండోది. మీ చేతిలో ఏ దోషమూ లేదు. మీ ఉత్తరంలో ఆ మాట దగ్గర మీరు నొచ్చుకున్నట్టు తెలుస్తూనే ఉంది. కానీ ఆ కిందనే, మీకు తెలియకుండానే, అసలు కారణం రాసేశారు: ఉప్పు డబ్బాలో ఉప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుందని. శుద్ధమైన ఉప్పు చుట్టూ ఉన్న గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్లు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కాస్త కలిసి ఉంటాయి కాబట్టి ఇంకొంచెం ముందే చెమరుస్తుంది. ఉప్పునే తడిపే గాలిలో మామిడి ముక్క ఎలా ఆరుతుంది చెప్పండి?

ఎండబెట్టడం అని మనం అంటాం కానీ, ముక్కను ఆరబెట్టేది ఎండ కాదు, గాలి. ఎండ చేసేదల్లా ముక్కను వేడెక్కించి లోపలి నీటిని పైకి తేవడం. పైకి వచ్చిన నీటిని ఎత్తుకుపోవాల్సింది గాలి. ఆ గాలి అప్పటికే నీళ్లు మోస్తూ ఉంటే ఇంకేం మోస్తుంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విశాఖలో కూడా ఆ రోజుల్లో ఒళ్లు మండిపోతుంది, కానీ జాకెట్టు చెమటకు వీపుకు అంటుకుపోతుంది. మీ అనంతపురంలో అదే ఎండకు చెమట పుట్టీపుట్టకముందే ఆరిపోయి పెదాలు పగులుతాయి. మన ఒంటి మీద చెమట ఆరని చోట ముక్కలో నీరూ ఆరదు. ఇంతకంటే మంచి కొలత నాకు తెలీదు.

నేను కాకినాడ దానిని. ఈ తేడా నాకు మా ఆడపడుచు ఇంట్లో తెలిసింది. వాళ్లు అప్పట్లో అనంతపురంలో ఉండేవారు. ఒక ఏప్రిల్‌లో పొద్దున్నే ఇద్దరం కూర్చుని మామిడికాయలు తరిగి మేడ మీద పరిచాం. సాయంత్రం దీపాలవేళకు ఎత్తబోతే ఒక్కో ముక్క అంచులు లేచి, కుక్కపిల్ల చెవిలా ముడుచుకుని ఉంది. నేను ఆశ్చర్యంతో ఒక ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. మా కాకినాడలో అదే ముక్క రెండో రోజు సాయంత్రానికి కూడా మెత్తగా వేలికి అంటుకుంటుంది. వేసవి మధ్యాహ్నాల్లో అనంతపురం గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకు దిగిపోతుంది. సముద్రం ఒడ్డున 70 దాటడం మామూలే. బయట ఆరబెట్టాలంటే వేడి 30 డిగ్రీల పైన, తేమ 60 శాతం లోపు ఉండాలన్నది లెక్క. విశాఖలో మొదటిది దొరుకుతుంది, రెండోదే కష్టం. కాబట్టి మీ అమ్మగారి పద్ధతిలో తప్పు లేదు. అది ఆ ఊరి గాలి చూసి పుట్టిన పద్ధతి.

మీరు బరువు రాయడం చాలా మంచిపని అయింది. పచ్చి మామిడిలో వందకు సుమారు 85 పాళ్లు నీళ్లే. అంటే రెండు కిలోల ముక్కల్లో నీళ్లు కాని సరుకు 300 గ్రాములు. మీ డబ్బాలోకి వెళ్లింది అరకిలో. అంటే అందులో ఇంకా 200 గ్రాములు, దగ్గర దగ్గర ఒక గ్లాసు నీళ్లు, ముక్కల కడుపులో దాక్కునే ఉన్నాయి. పూర్తిగా ఎండి ఉంటే 330, 340 గ్రాములకు మించకూడదు. గలగలమన్నది పైపొర. పైన త్వరగా గట్టిపడి, లోపలి తడిని బయటికి రానివ్వకుండా తలుపేసుకున్నట్టు అయింది. అందుకే ఈసారి చప్పుడును నమ్మకండి, త్రాసును నమ్మండి. వంటింటి త్రాసు మీద పచ్చివి ఎంతున్నాయో రాసుకోండి, రోజూ సాయంత్రం తూచండి. వరుసగా రెండు రోజులు బరువు తగ్గలేదంటే ఇక ఆ గాలి తీయగలిగింది తీసేసిందని అర్థం. అప్పటికీ లెక్కకు రాకపోతే ఇంకో దారి పట్టాలి. అది చెబుతాను.

ప్లాస్టిక్ పట్టా కూడా మీకు చెడ్డ చేసింది. ముక్క కింద ఎప్పుడూ చెమటే. పట్టా ఎత్తి చూస్తే నీటి బొట్లు కనిపించే ఉంటాయి. సముద్రపు ఊళ్లో ముక్కకు పైనా కిందా గాలి తగలాలి. నవారు మంచం ఉంటే దాని మీద పల్చటి నూలుబట్ట, లేదంటే రెండు కుర్చీల మధ్య పెట్టిన స్టీలు జాలీ, పెద్ద జల్లెడ, వెదురు చేట, ఏదైనా సరే. పులుపు ముక్కల్ని అల్యూమినియం మీద, జింకు పూత జాలీ మీద వేయకండి, లోహం రుచి దిగుతుంది. పైన పాత దోమతెర కప్పి చివర్లు బిగించండి. ముక్క ముక్కకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ రెండూ కలిసిన చోటే మొదట బూజు పుడుతుంది.

వేడి మీద డబ్బాకు ఎత్తడం మూడో పొరపాటు. వేడి ముక్క మూత కింద ఆవిరి వదులుతుంది, అది చల్లారి మూతకు పట్టి, మళ్లీ ముక్కల మీదే కారుతుంది. మీ అమ్మగారి ఊళ్లో ఆవిరి వదిలేంత నీరు ముక్కలో మిగలదు కాబట్టి ఆమెకు ఏమీ కాలేదు. మీరు మాత్రం ఇంట్లో ఫ్యాన్ కింద అరగంట చల్లారనిచ్చి, వెంటనే ఎత్తండి. అలాగని రాత్రంతా వదిలేస్తే మళ్లీ చెమ్మ తాగుతాయి.

ఇక మీ ఊళ్లో ఎలా చేయాలి? ఇక్కడ నన్నడిగితే మీ అత్తగారి దగ్గరే సగం జవాబుంది. కోస్తా ఆడవాళ్లు తరతరాలుగా ఈ తడి గాలితోనే వేగారు. వాళ్ల నిలవ సరుకులు ఒక్కసారి తలుచుకోండి. మాగాయకు ముక్కల్ని ఉప్పు, పసుపులో మూడు రోజులు ఊరనిచ్చి, రసం పిండేసి, ఆ తర్వాతే ఎండకు పెడతారు. ఎండు టమాటా పచ్చడికీ అంతే, ఉప్పులో ఊరి రసం వదిలిన ముక్కే ఎండకు వెళుతుంది, చింతపండు ఆ రసంలో నానుతుంది. చల్ల మిరపకాయల్ని ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో నానబెట్టి, పగలు ఎండబెట్టి, రాత్రి మళ్లీ ఆ మజ్జిగలోనే వేస్తారు, మజ్జిగ అంతా ఇంకే దాకా. అన్నిటిలోనూ ముందు ఉప్పే. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. లోపల మిగిలిన కాస్త నీటినీ తనతో కట్టేసుకుని బూజుకు అందనివ్వదు. ఎండ రెండు రోజులు ఆలస్యమైనా సరుకు ఆగుతుంది. రాయలసీమ ఇంట ఎండ ఒక్కటే చాలు. కోస్తా ఇంట ఉప్పు ముందు నడవాలి, ఎండ దాని వెనక రావాలి.

కాబట్టి వచ్చే ఏడు మామిడి ఒరుగులు ఇలా పెట్టండి. బాగా పుల్లటి, టెంక ముదరని కాయలు చెక్కు తీసి, అరసెంటీమీటరు మందాన, అన్నీ ఒకే మందంలో తరగండి. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే సన్నవి ఎండి కూర్చుంటాయి, లావువి డబ్బాను చెడగొడతాయి. కిలో ముక్కలకు 50 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి జాడీలోనో గాజు గిన్నెలోనో రాత్రంతా ఉంచండి. పొద్దున్న ముక్కలు రసంలో తేలుతూ, వంచితే విరగకుండా వంగేంత మెత్తబడి ఉంటాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా పిండండి. ఆ రసం పారబోయకండి, ఆ పూట పప్పులోకి చింతపండు అక్కర్లేదు. ముక్కల్ని జాలీ మీద పరిచి, మంచు తేమ విడిచాక తొమ్మిదిన్నర ప్రాంతంలో పెట్టి, మధ్యాహ్నం మూడున్నరకల్లా లోపలికి తెచ్చేయండి. పొద్దు వాలేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది. సాయంత్రం చల్లగాలికి బాగుందని మనం బాల్కనీలో కూర్చునే వేళకు ముక్కలు పగలంతా వదిలిన నీటిని మళ్లీ తాగడం మొదలుపెడతాయి. కిలో ముక్కలు ఉప్పుతో కలిపి 200 గ్రాములకు లోపుగా దిగితే పని అయినట్టు. వీటితో పప్పు వండినప్పుడు ఉప్పు చూసి వేసుకోండి.

ఇందాక ఇంకో దారి అన్నాను. మీ ఫ్లాటులో ఏసీ ఉంటే దాని గొట్టంలోంచి బకెట్లోకి కారే నీళ్లు ఎప్పుడైనా చూశారా? అవన్నీ మీ పడకగది గాలిలోంచి తీసిన నీళ్లే. అంటే రాత్రి ఏసీ నడిచే గది మీ ఇంట్లో అన్నిటికంటే పొడి చోటు. పగలు బాల్కనీలో సగం ఆరిన జాలీని రాత్రి ఆ గదిలో స్టూలు మీద పెట్టి, పక్క నుంచి చిన్న ఫ్యాను తిప్పండి. ఎలాగూ మీ కోసం వేసుకునే ఏసీయే. పొద్దున్న తూచి చూడండి, రాత్రి కూడా బరువు తగ్గి ఉంటుంది. ఏసీ బయటి యూనిట్ ముందు వేడిగాలి తగిలేలా పెడదామనిపిస్తుంది కొందరికి. అది వీధి దుమ్మునంతా మీ ముక్కల మీదికి ఊదుతుంది, వద్దు.

ఆఖరి తడి పోవడం లేదంటే, ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంటే చూడండి. దాని వేడి మార్చే మీట 60 డిగ్రీల దగ్గర మొదలైతే తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి రెండు మూడు గంటలు ఉంచండి. ఆవిరి ఆ సందులోంచి పోతుంది. చాలా ఓటీజీలు 100 దగ్గర మొదలవుతాయి. అలాంటివి ఈ పనికి రావు, ముక్క ఎండదు, ఉడికి పైన చెక్క కడుతుంది.

నిలవ చేసే పద్ధతిలో నేను ఎంతో విలువ ఇచ్చేది ఒకటుంది. ఎండిన వెంటనే పెద్ద డబ్బాకు ఎత్తకండి. గాజు సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, మూత పెట్టి, వారం పది రోజులు వంటింటి గట్టు మీద కళ్ల ముందు ఉంచండి. రోజుకోసారి ఊపండి. కొన్ని ముక్కల్లో తడి ఎక్కువ, కొన్నిట్లో తక్కువ ఉంటుంది. ఈ వారంలో అది అన్నిటికీ సర్దుకుంటుంది. ఏ పొద్దునైనా సీసా లోపలి గోడకు మంచు పట్టినట్టు కనిపించిందా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నాయా, వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టండి. అప్పటికి ఇంకా బూజు పుట్టకపోతే సరుకు దక్కుతుంది. స్టీలు డబ్బాలో ఇదేమీ కనిపించదు. మీరు మూడు వారాలు మూత తీయకపోవడానికి కారణం కూడా అదే కదా. ఒక ఏడు నేను కాకర ఒరుగులు ఇలాగే స్టీలు డబ్బాలో వేసి అటక మీద పెట్టాను. దసరాకు తీస్తే డబ్బా మొత్తం బూడిదరంగు ఉన్నిలా ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒరుగులకు గాజు సీసాలే.

ఇంకా నమ్మకంగా తేల్చుకోవాలంటే గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు దొరుకుతుంది, అగ్గిపెట్టెంత ఉంటుంది, కొన్ని వందల రూపాయలు. మిషన్ మీద పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతు కూడా కాదు. పొద్దున్న బాల్కనీలో పెట్టి చూడండి, 60 దాటి ఉంటే ఆ రోజు ఉప్పు వేయని ముక్కలు ఎండబెట్టే పని పెట్టుకోవద్దు. ఎండిన ముక్కల సీసాలో ఒక రాత్రి పెట్టి మూత బిగించండి, పొద్దున్న అంకె చూడండి. మూసిన సీసాలో గాలి తేమ 60 శాతం లోపు ఉంటే ఏ బూజూ పెరగదు. చవక మీటర్లు నాలుగైదు అంకెలు అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి 50 కనిపించేదాకా ఆరబెట్టడం క్షేమం. మీటరు లేకపోతే మీ కల్లుప్పు ఉండనే ఉంది. పళ్లెంలో చెంచాడు వేసి బాల్కనీలో పెట్టండి. గంటలో చెమ్మగిల్లిందా, ఉప్పు వేయని ముక్కలు బయట పెట్టకండి.

పురుగు సంగతి కూడా. బాల్కనీలో ఎండిన వాటి మీద ఈగలు, చిన్న పురుగులు గుడ్లు పెట్టి ఉండొచ్చు. సీసాకు ఎత్తే ముందు కవరులో వేసి డీప్‌ఫ్రిజ్‌లో 48 గంటలు ఉంచితే అవి చస్తాయి. తీశాక కవరు మూత విప్పకుండా బయట పెట్టి, మామూలు వేడికి వచ్చాకే తెరవండి. చల్లటి ముక్క మీద మీ ఊరి గాలి తగిలితే క్షణంలో నీరు కమ్ముతుంది.

కరివేపాకు విషయానికి వద్దాం. ఆకులకు ఎండ పగ. మండే ఎండలో ఆకు పచ్చదనం విరిగిపోతుంది, వాసన నూనెలు వేడికి ఆవిరైపోతాయి. మీకు మిగిలింది గడ్డి వాసన అన్నారు, సరిగ్గా అదే. మునగాకు, పుదీన, తులసి, మెంతికూర, అన్నిటికీ నీడే కావాలి. 40 డిగ్రీలు దాటకూడదు. రెమ్మల్ని కడిగి, గట్టిగా విదిలించి, పొడిబట్టతో అద్ది, నూలుబట్ట మీద పల్చగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. కడిగిన తడి మీద ఉండగా కుప్పగా వదిలేస్తే ఆకు లోపలే మగ్గి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ మొదటి పూటే ముఖ్యం. అనంతపురంలో ఒకటిన్నర రోజు, మీకు మూడు నాలుగు రోజులు పడుతుంది.

కానీ మీ ఊళ్లో అంతకంటే మంచి ఉపాయం ఫ్రిజ్. మంచు కట్టని రకం ఫ్రిజ్‌లో గాలి చాలా పొడిగా ఉంటుంది. కవరు లేకుండా పెట్టిన కొత్తిమీర రెండు రోజుల్లో వాడిపోవడం మనం రోజూ చూసేదే. అక్కడ మనకు శత్రువైనది ఇక్కడ మేలు చేస్తుంది. తుడిచిన కరివేపాకు రెమ్మల్ని మూత లేని వెదురు బుట్టలో గానీ, పల్చటి నూలుబట్టలో వదులుగా చుట్టి గానీ ఫ్రిజ్ అరలో మరిచిపోండి. పది పదిహేను రోజులకు తీస్తే ఆకు పచ్చగానే ఉండి, వేళ్ల మధ్య నలిపితే చిటపటమని పొడి అవుతుంది. వాసన చూడండి, తాలింపు గుర్తొస్తుంది. అప్పుడు ఆకుల్ని దూసి, ఆకులుగానే సీసాలో వేసి వెలుతురు తగలని చోట పెట్టండి. పొడి చేసి ఉంచకండి, పొడి చేసిన నాటి నుంచే వాసన పారిపోతుంటుంది. కావలసినప్పుడు నలుపుకోవడం ఎంతసేపు? వర్షాలు నడుస్తున్న ఈ నెలల్లో మీరు మొదలుపెట్టాల్సింది ఇదే. మామిడి కోసం వచ్చే వేసవి దాకా ఆగాలి గానీ, కరివేపాకు ఇవాళే పెట్టొచ్చు.

కొత్తిమీర మాత్రం ఎండబెట్టకండి. ఎండాక అందులో కొత్తిమీర ఉండదు, ఆకు ఒక్కటే ఉంటుంది. చింతచిగురు దీనికి సరిగ్గా ఎదురు. నీడన ఎండిన చిగురు పులుపు పోదు, నలిపి దాచుకుంటే పప్పులోకీ, ఎండురొయ్యల్లోకీ, మాంసంలోకీ ఏడాదంతా వస్తుంది. ఈసారి సింహాచలం వైపు చెట్లు చిగురించినప్పుడు ఒక గంపెడు తెప్పించుకోండి.

కూరగాయల్లో గోరుచిక్కుడు పేరు రాశారు కాబట్టి దాని గురించి ఒక్కమాట. పీచు తీసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి వార్చి, బట్ట మీద తడి ఆరనిచ్చి అప్పుడు ఎండబెట్టాలి. ఆ ఉడుకు వల్ల కాయలో రంగు, వాసన చెడగొట్టే ఎంజైములు ఆగిపోతాయి, తడి కూడా త్వరగా బయటికొస్తుంది. క్యారెట్‌కూ ఇంతే. బెండ, టమాటా, ఉల్లికి ఉడుకు అక్కర్లేదు. కాకర చక్రాల్ని ఉప్పు, పసుపు వేసిన మజ్జిగలో ఒక రాత్రి ఉంచి ఎండబెడితే చేదు మెత్తబడి, వేయించినప్పుడు కరకరలాడతాయి. పప్పన్నంలోకి వాటికి సాటి లేదు.

టమాటాలో వందకు 94 పాళ్లు నీళ్లు. కిలోకు చేతికొచ్చేది గుప్పెడు, 60, 70 గ్రాములు. కిలో నలభై రూపాయలకు కొని ఎండబెట్టడం దండగ. పత్తికొండలోనూ మదనపల్లెలోనూ ధర పడిపోయి రైతులు బుట్టలు రోడ్డు మీద కుమ్మరించే రోజులు దాదాపు ఏటా వస్తాయి. మీ అమ్మగారు టమాటా ఒరుగులు పెట్టేది ఆ రోజుల్లోనే అయి ఉంటుంది. ఆ కాయలు చూసి నాకు ఎప్పుడూ ప్రాణం ఉసూరుమంటుంది. పక్కనే మీ సీమ ఎండ, ఒక జాలీ, గుప్పెడు ఉప్పు ఉంటే అవన్నీ నిలవ అయ్యే సరుకు. మీరు పుట్టింటికి వెళ్లినప్పుడు టమాటా అక్కడే ఎండబెట్టి తెచ్చుకోండి, విశాఖలో ప్రయత్నించకండి.

పండ్ల గురించి మీరు అడగలేదు గానీ, వచ్చే వేసవికి ఒక సరదా చెబుతాను. ఆత్రేయపురం కూడా గోదావరి ఒడ్డున ఉన్న ఊరే, అక్కడి గాలీ పొడిది కాదు. అయినా అక్కడి మామిడి తాండ్ర దేశమంతా వెళుతుంది. కిటుకు పొర పల్చన ఉండటంలోనే ఉంది. పంచదారో బెల్లమో కలిపిన రసాన్ని చాప మీద పల్చగా పూసి, అది ఆరాకే దాని మీద ఇంకో పూత వేస్తారు. ఒకేసారి మందంగా పోస్తే అడుగు పులిసిపోతుంది. ఒక స్టీలు పళ్లానికి నెయ్యి రాసి, దోశ మందంలో సగం పూసి చూడండి. ఉప్పు మామిడికి చేసే పనిని ఇక్కడ తీపి చేస్తుంది.

ఇక మిషన్. ఈ ఏడు కొనవద్దనే నా మాట. ఇద్దరు మనుషుల ఇంటికి ఏటా రెండు మూడు కిలోల మామిడి, కాస్త కాకర, రెండు సీసాల ఆకు. దానికి ఉప్పు, ఏసీ గది, ఫ్రిజ్ సరిపోతాయి. ఒక వేసవి అంతా ఇలా చేసి చూశాక, ఇంకా చాలా చేయాలనిపించి, వానాకాలంలో కూడా ఎండబెట్టాలని ఉంటే అప్పుడు కొనండి. కొనేటప్పుడు వేడి 35 నుంచి 70 డిగ్రీల దాకా మార్చుకునే వీలు ఉందా, ఫ్యాను వెనక నుంచి అన్ని పళ్లాలకూ సమంగా కొడుతుందా చూడండి. ఒకటే వేడి ఉన్నది కరివేపాకును మాడ్చేస్తుంది. 400 వాట్ల మిషన్ పది గంటలు తిరిగితే నాలుగు యూనిట్లు కాలతాయి, దాంట్లో పట్టేది సుమారు కిలో ముక్కలు. మీవారు కొందామన్నారని రాశారు కదా, ఆయనకు ఈ లెక్క చూపించండి. ఆ డబ్బులో చిన్న భాగంతో మంచి స్టీలు జాలీ, నాలుగు గాజు సీసాలు, తేమ మీటరు వస్తాయి.

మీ అత్తగారిని మాగాయ ఎలా పెడతారో అడగండి. పుల్లవిరుపుగా మాటలు అన్నారనుకోకుండా, నిజంగానే నేర్చుకోవాలని అడగండి. ఉప్పు ఎన్ని రోజులు, పిండేటప్పుడు ముక్క ఎలా ఉండాలి, మబ్బు పడితే ఏం చేస్తారు అని. మబ్బు పడ్డ రోజు ముక్కల్ని మళ్లీ ఊటలోనే వేసి జాడీ మూస్తారని ఆమే చెబుతారు. పొడి ఊరి ఆడవాళ్లకు ఆ అవసరం రాదు.

చివరిగా, మీ అమ్మగారు ఒరుగులు పంపిస్తూనే ఉంటారు కదా. బస్సులోనో రైల్లోనో మూట వచ్చేసరికి అవి మీ ఊరి గాలి తాగి కొంచెం మెత్తబడి ఉంటాయి. నేరుగా డబ్బాలో పోయకండి. మందపాటి మూకుడు సన్నటి సెగ మీద పెట్టి, చెయ్యి పెట్టగలిగే వేడిలోనే అయిదు నిమిషాలు కలిపి, ఫ్యాను కింద చల్లార్చి, చిన్న చిన్న సీసాల్లో నింపండి. ఒక్కటే పెద్ద సీసా అయితే మూత తీసిన ప్రతిసారీ మొత్తం సరుకుకు చెమ్మ తగులుతుంది. నెలకు సరిపడా ఒక సీసా బయట ఉంచుకుని, మిగతావి ఫ్రిజ్‌లో పెట్టేయండి.